విదేశీ చిన్న పార్సిళ్లు: కరీంనగర్, ఆదిలాబాద్ చేతివృత్తుల సరుకు

ఆన్‌లైన్‌లో అమ్మిన ఒకటి రెండు వస్తువులను విదేశంలోని కొనుగోలుదారు ఇంటికే నేరుగా పంపే పొట్లాన్ని విదేశీ చిన్న పార్సిల్ అంటారు. బరువు కొన్ని గ్రాముల నుంచి నాలుగైదు కిలోల దాకా ఉంటుంది. ఉత్తర తెలంగాణలో ఈ తీరు అమ్మకానికి అనువైన సరుకు చాలానే ఉంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, నిర్మల్ కొయ్యబొమ్మలు, ఆసిఫాబాద్ అడవి పల్లెల్లో ఓజా కళాకారులు పోసే ఇత్తడి బొమ్మలు, సిరిసిల్ల చీరలు వాటిలో ముఖ్యమైనవి. 2016 అక్టోబర్ 11న జిల్లాలను విభజించాక నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ పాత ఆదిలాబాద్ నుంచి, రాజన్న సిరిసిల్ల పాత కరీంనగర్ నుంచి విడిపోయాయి. ఈ వ్యాసంలో పాత ఉమ్మడి జిల్లాల హద్దులనే తీసుకున్నాం.

కొత్తగా అమ్మకం మొదలుపెట్టినవారు ముందు రేట్ల పట్టిక వెతుకుతారు. దానికంటే ముందు చూడాల్సింది వస్తువును. ఫిలిగ్రీ చిన్నది, ఖరీదైనది. నిర్మల్ బొమ్మ తేలికే గానీ చోటు ఎక్కువ తింటుంది. ఓజాల ఇత్తడి బొమ్మ పిడికెడే ఉన్నా బరువు. చీర మడతకు లొంగుతుంది, పడేసినా పగలదు. ఒకదానికి చవకైన సర్వీసు ఇంకొకదానికి నష్టం తెచ్చిపెడుతుంది.

సర్వీసులు

భారత తపాలా శాఖలో అమ్మకందారుకు పనికొచ్చేవి ముఖ్యంగా మూడు. మొదటిది అంతర్జాతీయ ట్రాక్డ్ ప్యాకెట్. ఆన్‌లైన్ అమ్మకాల కోసమే తెచ్చిన ఈ సర్వీసు తక్కువ బరువు పొట్లాలకు, ఎంపిక చేసిన దేశాలకు మాత్రమే ఉంటుంది. రెండోది ఇఎంఎస్, అంటే అంతర్జాతీయ స్పీడ్ పోస్ట్. వేగం ఎక్కువ, ఛార్జీ కూడా ఎక్కువే. మూడోది ఎయిర్ పార్సిల్. 20 కిలోల దాకా తీసుకుంటారు, నిదానంగా వెళ్తుంది, బరువైన సరుకుకు కిలో లెక్కన గిట్టుబాటు అవుతుంది. ఇఎంఎస్ నంబరు ‘ఇ’ అక్షరంతో, పార్సిల్ నంబరు ‘సి’తో మొదలవుతాయి. రెండూ భారత్‌కు గుర్తైన ‘ఐఎన్’తో ముగుస్తాయి. పదమూడు అక్షరాల ఈ నంబరును గమ్యదేశపు తపాలా సంస్థ వెబ్‌సైట్‌లో కూడా వెతకవచ్చు. పొట్లం ఆ దేశంలో దిగాక వివరాలు అక్కడే ముందుగా కనిపించే అవకాశం ఎక్కువ.

ఈ ఏర్పాటంతటి వెనుక 1874లో బెర్న్ నగరంలో పుట్టిన విశ్వ తపాలా సమాఖ్య ఉంది. భారత్ 1876లో అందులో చేరింది. కరీంనగర్‌లో బుక్ చేసిన పొట్లాన్ని డెన్మార్క్‌లో అక్కడి పోస్ట్‌మ్యాన్ ఇంటికి చేర్చుతున్నాడంటే ఈ సభ్యత్వం వల్లే. చేర్చినందుకు అతని దేశానికి మన తపాలా శాఖ సొమ్ము చెల్లిస్తుంది. అంతర్జాతీయ ఛార్జీలు దేశానికో రకంగా ఉండటానికి ఇదొక కారణం.

ప్రైవేటు కొరియర్లలో డీహెచ్‌ఎల్, ఫెడెక్స్ వంటివి ఇంటి నుంచి ఇంటికి తామే చూసుకుంటాయి. కస్టమ్స్ పని త్వరగా తెములుతుంది. అయితే తూకం దగ్గర వీటి పద్ధతి వేరు.

తూకం, కొలత

విమానంలో చోటు కూడా ఖరీదే కాబట్టి కొరియర్లు పెట్టె పరిమాణాన్ని బరువుగా మార్చి లెక్కిస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తే ఆ బరువు కిలోల్లో వస్తుంది. అసలు బరువు, ఈ లెక్క బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి.

నిర్మల్ బొమ్మలకు దెబ్బ తగిలేది ఇక్కడే. వాటిని చెక్కే పొణికి కర్ర చాలా తేలిక. చింతగింజల ముద్ద, రంపపు పొట్టు, రంగులు కలిసినా బరువు పెద్దగా పెరగదు. 35, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో సర్దిన బొమ్మల జట్టు కాటా మీద కిలోన్నర తూగిందనుకుందాం. కొరియర్ లెక్కలో అది 4.2 కిలోలు. దాదాపు మూడింతలు. తూచిన బరువుకే ఛార్జీ వేసే తపాలా సర్వీసు ఈ సరుకుకు సహజమైన దారి. పెట్టె ఎంచుకునేటప్పుడు ప్రతి వైపూ రెండు సెంటీమీటర్లు తగ్గించగలిగితే కొరియర్ ఛార్జీలోనూ తేడా తెలుస్తుంది. కాళ్లో చేతులో విడదీయగలిగే బొమ్మలైతే విడదీసి పంపే వీలుందేమో కళాకారులను అడగడం మంచిది.

ఓజాల బొమ్మలది దీనికి సరిగ్గా తలకిందుల పరిస్థితి. మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారు. జైనూర్ మండలంలోని ఉషేగావ్ ఈ పనికి పేరున్న ఊరు. ఆదిలాబాద్ డోక్రాగా ఈ కళకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇంత బరువైన లోహపు బొమ్మకు పరిమాణపు లెక్క భయం లేదు, అసలు బరువే ఎక్కువ తూగుతుంది. రెండు కిలోలు దాటితే ఇఎంఎస్‌ను, ఎయిర్ పార్సిల్‌ను పక్కపక్కన పెట్టి చూడాలి. కొన్నవారికి తొందర లేకపోతే పార్సిల్ మేలు.

సిరిసిల్ల చీరలకు ఈ తిప్పలేవీ లేవు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరది.

వెండి విషయంలో ప్రత్యేక నిబంధన

కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సన్నని వెండి తీగను మెలిపెట్టి, చదును చేసి, చుట్టలు చుట్టి, మందపాటి తీగ చట్రంలో అమర్చి అతుకుతారు. చూపు తిప్పుకోనివ్వని ఈ పనితనానికి తపాలాలో ఒక చిక్కు ఉంది. బంగారం, వెండి, నగల వంటి విలువైన వస్తువులను బీమా లేని మామూలు పొట్లాల్లో పెట్టరాదన్నది విశ్వ తపాలా సమాఖ్య ఒడంబడికలోని సాధారణ నియమం. దీనికి దేశాన్ని బట్టి మినహాయింపులూ ఉన్నాయి, అదనపు నిషేధాలూ ఉన్నాయి. కొరియర్ సంస్థలు కూడా విలువైన లోహాలకు సొంత ఆంక్షలు పెట్టుకున్నాయి.

కాబట్టి వెండి పంపేవారు ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. గమ్యదేశం వెండి నగలను తపాలాలో అనుమతిస్తుందా, ఎంచుకున్న సర్వీసుకు బీమా ఉందా, ఆ బీమా సరుకు విలువకు సరిపోతుందా అన్నది చూసుకోవాలి. తూకం తక్కువ గనుక చవక సర్వీసు వైపు మనసు లాగుతుంది. పద్దెనిమిది గ్రాముల పెండెంట్‌కు తపాలా ఖర్చు మిగిలినా, పోతే వారాల కష్టం పోయినట్టే. ఫిలిగ్రీకి బీమా, సంతకం తీసుకునే బట్వాడా రెండూ ఉండాల్సిందే. ఆ ఖర్చును ధరలోనే కలపాలి.

పత్రాలు

వ్యాపారంగా ఎగుమతి చేసేవారికి ఐఇసి అనే ఎగుమతి దిగుమతి కోడ్ కావాలి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ పాన్ ఆధారంగా దీన్ని ఇస్తుంది, రుసుము 500 రూపాయలు. జీఎస్టీలో ఎగుమతులకు సున్నా రేటు వర్తిస్తుంది. పన్ను కట్టకుండా పంపాలంటే ఏటా హామీపత్రం దాఖలు చేయాలి.

2018 నాటి నిబంధనలతో తపాలా ఎగుమతి బిల్లు కాగితం మీద ఉండేది. 2022 డిసెంబర్‌లో అది ఎలక్ట్రానిక్ పద్ధతికి మారింది. అదే ఏడాది మొదలైన డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఇప్పుడు దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి. అమ్మకందారు ఇంటి నుంచే బిల్లు నింపి, లేబుల్ అచ్చు వేసుకుని, ఊళ్లోని కేంద్రంలో పొట్లం అప్పగిస్తే చాలు. అక్కడి నుంచి విదేశీ తపాలా కార్యాలయానికి చేరాక కస్టమ్స్ పరిశీలిస్తారు. ఆదిలాబాద్ నుంచి ఆ కార్యాలయం ఉన్న హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ఒక్క పెండెంట్ కోసం అంత దూరం తిరగనక్కర లేకపోవడం చిన్న వ్యాపారికి పెద్ద ఊరట.

సరుకు వివరం రాసే గడిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ‘హస్తకళ వస్తువు’ అని రాస్తే అవతలి కస్టమ్స్‌కు ఏమీ తెలియదు. ఐరోపా సమాఖ్య దేశాలు ఇలాంటి మోఘమైన వివరాలను ఒప్పుకోవడం లేదు. ‘వెండి తీగ పెండెంట్, ఒకటి, 18 గ్రాములు’ అన్నట్టు ఉండాలి. పక్కన ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ వేయాలి. నగలకు 7113 తరగతి, కొయ్య అలంకరణ వస్తువులకు 4420, ఇత్తడి ప్రతిమలకు 8306. నిర్మల్ సరుకు దగ్గర ఆలోచించాలి. 9503 కింద ఆటబొమ్మ అని రాస్తే పిల్లల వస్తువుల భద్రతా చట్టాలు వచ్చి పడతాయి. అమెరికాలో అలాంటి వస్తువు రంగులో సీసం పది లక్షల భాగాల్లో 90కి మించరాదు, ఐరోపాలో సీఈ గుర్తు కావాలి. గదిలో అలంకరణకు పెట్టుకునే వస్తువైతే అదే రాయాలి, అమ్మకం పేజీలో కూడా అలాగే చూపాలి. పిల్లలు ఆడుకునేదని ఒకచోట, అలంకరణ అని మరొకచోట రాయడం మాత్రం తప్పుడు ప్రకటనే.

అమ్మిన వస్తువును ‘కానుక’ అని రాయమని కొందరు కొనుగోలుదారులు అడుగుతారు. ఒప్పుకోకూడదు. దొరికితే సరుకు పట్టుబడుతుంది, తక్కువ చూపిన విలువకు మించి బీమా కూడా రాదు.

అవతలి దేశపు పన్నులు

ఇటీవలి కాలంలో ఎక్కువగా మారింది ఈ భాగమే. ఆస్ట్రేలియా 2018 జూలైలో వెయ్యి డాలర్ల లోపు దిగుమతుల మీద జీఎస్టీ మొదలుపెట్టింది. బ్రిటన్ 2021 జనవరి నుంచి 135 పౌండ్ల లోపు సరుకుకు అమ్మకం దగ్గరే వ్యాట్ వసూలు చేసే పద్ధతి తెచ్చింది. ఐరోపా సమాఖ్య 2021 జూలై 1న 22 యూరోల మినహాయింపును ఎత్తేసింది. పెద్ద ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్మితే ఈ పన్నులను సాధారణంగా ఆ వేదికలే కడతాయి. సొంత సైట్‌లో అమ్మేవారు తామే చూసుకోవాలి.

అమెరికా 800 డాలర్ల లోపు సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసింది. దాంతో భారత తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి ఆ దేశానికి చాలా రకాల బుకింగులు నిలిపివేసింది. అక్టోబర్ 15న మళ్లీ మొదలైనప్పుడు ప్రకటిత విలువలో 50 శాతం సుంకాన్ని బుకింగ్ దగ్గరే కట్టించుకుంది. ఈ రేటు రెండు దేశాల మాటామంతీని బట్టి మారేది. అందుకే పాత పట్టిక నమ్మి ధర చెప్పకుండా ఆర్డర్ తీసుకునే రోజు రేటు చూసుకోవాలి. సుంకం ముందే కట్టిన పార్సిల్ గడప దగ్గర ఆగదు. కొన్నవారు కట్టుకోవాల్సిన పార్సిల్ అయితే, ఊహించని బిల్లు చూసి తీసుకోనని తిప్పి పంపే ప్రమాదం ఉంది.

గల్ఫ్ దేశాలకు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి వెళ్లిన వలస కుటుంబాలు ఎన్నో. వారికి పంపే తినుబండారాల విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. యూఏఈ, సౌదీ అరేబియాల్లో గసగసాలు మాదకద్రవ్యాల నిషేధం కిందికి వస్తాయి. మసాలా పొడిలో కలిసి ఉన్నా కేసు అందుకున్నవారి మీదకే వస్తుంది.

ప్యాకింగ్

ఫిలిగ్రీ నొక్కితే వంగుతుంది. గట్టి డబ్బాలో, రెండు ఫోమ్ పొరల మధ్య, మూత వస్తువుకు తగలకుండా సర్దాలి. రబ్బరు బ్యాండ్ వేయకూడదు, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. నిర్మల్ బొమ్మకు బబుల్ ర్యాప్ నేరుగా చుడితే ఎండకు రంగు మీద ముద్రలు పడవచ్చు. ముందు పలుచని కాగితం, ఆపైన బబుల్ ర్యాప్ వాడాలి. కొయ్య వస్తువులో పురుగు రంధ్రం గానీ బెరడు గానీ కనిపిస్తే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జీవభద్రతా అధికారులు ఆపేస్తారు. ముడి చెక్కతో పెట్టె కొట్టిస్తే ఐఎస్‌పీఎం 15 ప్రకారం శుద్ధి చేసిన ముద్ర కావాలి. అట్టపెట్టెకు ఆ బాధ లేదు.

తిరిగి రావడం, పోవడం

బట్వాడా కాని పార్సిల్‌ను వెనక్కి పంపాలా, అక్కడే వదిలేయాలా అన్నది బుకింగ్ పత్రంలోనే గుర్తు పెట్టాలి. వెనక్కి వచ్చేదానికి ఛార్జీ పడవచ్చు. తిరిగొచ్చిన సొంత సరుకును కస్టమ్స్ దిగుమతిగా చూడకుండా ఉండాలంటే ఎగుమతి బిల్లు, ఇన్‌వాయిస్, ట్రాకింగ్ నంబరు చేతిలో ఉండాలి. పార్సిల్ జాడ తెలియకపోతే బుక్ చేసిన ఆరు నెలల లోపు తపాలా కార్యాలయంలో విచారణకు అర్జీ పెట్టవచ్చు. ఆ అర్జీకి బుకింగ్ రసీదు, ప్యాకింగ్ నాటి ఫొటోలు జత చేయాలి.