కాల్చని మట్టి యిటుక

జల్లెడపట్టిన మంటికి తగుపాటి ఇసుకయు, నూటికి ఐదు మొదలెనిమిది పాళ్ల సిమెంటును, జిగట హెచ్చుగల నేలలయందైనచో సున్నమును కలిపి, స్వల్పముగ తడిపి, యంత్రమున నదిమి, బట్టీ సెగ తగులనీయకయే కొన్ని వారములు నీరు చల్లుచు గట్టిపరచిన దిమ్మెకు ఈ పేరు చెల్లును. నల్లరేగడి మాత్రము ఎండలో బీటలువారు నేల యగుటచే, ఇసుక సమృద్ధిగ కలుపనిచో దీనికి పనికిరాదు.

మంటిగోడ లోకమున అతిప్రాచీనమే యైనను, దానిని శాస్త్రవిషయముగ జేసినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమున జన్మించిన ఫ్రాన్స్వా కోయింత్రో (1740–1830). తన సీమ రైతులు పలకల నడుమ మన్నుపోసి దిమ్మిసతో కుదించి గోడలు లేపు విధానమును పరిశీలించి, అతడు 1790 మొదలు చిన్నచిన్న పుస్తకములుగ ప్రకటించెను. అవి పరభాషలలోనికిని పోయెను; కాని అతడు కల్పించిన అదుముడు యంత్రము వ్యాప్తికి రాలేదు. ఆ కొరతను తీర్చినది 1950వ దశకమున కొలంబియా రాజధాని బొగోటాలోని గృహనిర్మాణ కేంద్రమున రావుల్ రమీరెస్ రూపొందించిన 'సిన్వా-రామ్'. పొడవైన పిడిని చేతితో వంచి నడుపు ఈ యంత్రమునకు విద్యుత్తుతో గాని బొగ్గుతో గాని పనిలేదు; బీదదేశముల కది నచ్చుట వింతగాదు.

భారతదేశమున ఈ విద్యకు ఆటపట్టు బెంగుళూరు. అచటి భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య కె. ఎన్. రెడ్డి చొరవతో 1974లో వెలసిన 'అస్త్ర' యను గ్రామీణ సాంకేతిక విభాగమున కె. ఎస్. జగదీశ్ ప్రభృతులు దేశీయమైన యంత్రమును, మంటిపాళ్ల నిర్ణయమును సాధించిరి. ఆ సంస్థ పరిశోధకులు 2003లో ప్రకటించిన గణనమున, కాల్చిన యిటుకగోడల భవనమునకు చదరపు మీటరుకు 2.92 గిగాజౌళ్ల శక్తి వ్యయమగుచుండ, మట్టిదిమ్మెల భవనమునకు 1.61 మాత్రమే యని తేలెను.

అయితే ఇది గోడ కట్టునాటి పొదుపు. ఆ గోడల నడుమ కాపురముండునాటి లెక్క వేరు. సాంద్రత హెచ్చినకొలది మంటి ఉష్ణవాహకత్వమును హెచ్చును గావున, రాయలసీమ మిద్దెయింటి మందపుగోడ మధ్యాహ్నపుటెండను రాత్రి వరకు నిలువరించినట్లు తొమ్మిదంగుళముల దిమ్మెగోడ నిలువరింపజాలదు. యంత్రముపై మోజుతో ఈ సంగతి చాలకాలము మరుగునబడినది. శీతలప్రాంతములు తప్ప తక్కినచోట్ల, గోడలు కిటికీల మార్గమున లోనికివచ్చు వేడిమి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదని 2018 నాటి నివాసగృహముల శక్తిపొదుపు నియమావళి యగు ఎకో నివాస్ సంహిత విధించుటతో, దిమ్మెలను బోలుగ అదుముట, రెండు వరుసల నడుమ గాలికి చోటు విడుచుట, చూరును ముందునకు సాచుట మొదలైన ఉపాయములకు ప్రాముఖ్యము హెచ్చినది.