ఉపాధ్యాయులకు ఉపాధ్యాయుడు: గిడుగు రామమూర్తి పంతులు

శిష్యునకు చదువు చెప్పబూనినవాడు మొదట శిష్యుని భాష నెరుగవలెను. ఈ ధర్మమును తెలుగునాట ఉపాధ్యాయ లోకమునకు ఆచరణమున జూపిన మహనీయులు శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్ర సమీపమున పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోలుపోయి, మెట్రిక్యులేషను ముగించి, 1880లో నెలకు 30 రూపాయల జీతముపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి.

ఆ ప్రాంతపు కొండలలోని సవరలకు నాడు చదువు లేదు. వారి నుడికి లిపియు లేదు. పంతులుగారు సవరభాష తెలిసిన యొకనిని ఇంట నుంచుకొని, తాము శిష్యులై ఆ నుడి నేర్చిరి. పిదపనే బోధింప బూనిరి. సవరభాషలో వాచకములు రచించి, స్వంత ధనముతో బడులు పెట్టి, అందలి ఉపాధ్యాయులకు జీతములు తామే యిచ్చిరి. 1931లో ముద్రితమైన వారి సవర వ్యాకరణము ముప్పదియైదేండ్ల కృషికి ఫలము.

తెలుగు బిడ్డకు తెలుగు పాఠమే యేల కష్టమగుచున్నదని పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు దొర ప్రశ్నింపగా, పంతులుగారికి ఉత్తరము దోచెను. బాలుడు పలుకు భాష వేరు, పుస్తకపు భాష వేరు. కొండబిడ్డకు జేసిన న్యాయమే పల్లెబిడ్డకును జేయవలెనని వారు గురజాడ అప్పారావుగారితో గూడి వ్యావహారిక భాషోద్యమము నడిపిరి. వారు ప్రాచీన కావ్యములకు శత్రువులు కారు. గ్రంథముల మూటతో ఊరూర దిరిగి, పండితులు తప్పులన్న రూపములను పూర్వగ్రంథములనుండియే చూపిరి. 1915లో ప్రభుత్వము గ్రాంథికమునకే మొగ్గినను వెనుదీయక, 1919లో ‘తెలుగు’ పత్రిక వెలువరించిరి. 1940 జనవరి 22న స్వర్గస్థులైరి. వారి జన్మదినమే నేడు తెలుగు భాషా దినోత్సవము.

ఈ చరిత్రతో జీడిమెట్లకేమి పని యని యడుగవచ్చును. నిజాము పాలనమున రాజభాష ఉర్దూ. పై చదువులును ఉర్దూలోనే. ఇంట నొక భాష, బడిలో నొక భాషయైన బాధ ఇచటి పెద్దలెరిగినదే. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములే యప్పుడు తెలుగు చదువరులకు దిక్కైనవి.

నేడు పారిశ్రామికవాడకు పనికై పరరాష్ట్రములనుండి వచ్చినవారి బిడ్డలు మన బిడ్డల ప్రక్కనే కూర్చుండి అదే బాధ పడుచున్నారు. వారిని మందమతులని త్రోసివేయక, వారి నుడిలో నాలుగు మాటలు నేర్చి పలుకరించు ఉపాధ్యాయుడును, వారికొక పుస్తకమందించు గ్రంథాలయమును గలచోట పంతులుగారి పని నిలిచియున్నట్లే.