మెలితిరిగిన వెలుగు

సంక్రాంతి ముందు కరీంనగర్, ఆదిలాబాద్ ఇళ్లల్లో సకినాలు చుట్టేటప్పుడు పక్కన కూర్చున్న పిల్లకు మెలితిరిగిన కాంతి గురించి చెప్పడం తేలిక. "చూడు బిడ్డా, అమ్మమ్మ పిండిని వేళ్లతో మెలితిప్పుకుంట చుట్టు పోస్తున్నది. నడుమ ఖాళీ. ఒక తీరు లేజర్ వెలుగు గోడమీద పడితే గిట్లనే ఉంటది, చుట్టూ వెలుగు, నడుమ చీకటి."

"మరి వెలుగు వంకర పోతదా?" అని అడుగుతుంది. పోదు, నేరుగానే పోతుంది. దాని అలల శిఖరాలే ముందుకు సాగుతూ చుట్టు తిరుగుతాయి. సరిగ్గా నడిమధ్యలో అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, అందుకే చీకటి. సకినం పోలిక ఇక్కడితో సరి. పిండికి అలలుండవు కదా!

కాంతికి తాను పడ్డ వస్తువును తిప్పే గుణం ఉంటుందని 1909లో ఇంగ్లండ్‌లో జాన్ పాయింటింగ్ అన్నాడు. అదే ఏడు కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో సూరి భగవంతం పుట్టారు. నిజాం కాలేజీలో చదివిన ఆయన, సి.వి. రామన్‌తో కలిసి 1931లో చెదిరిన కాంతిని పరిశీలించి, ఫోటాన్‌కు, అంటే కాంతి రేణువుకు, స్పిన్ అనే తిరిగే గుణం ఉందని ప్రకటించారు. తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. 1936లో ప్రిన్స్‌టన్‌లో రిచర్డ్ బెత్ సన్నని తీగకు వేలాడే క్వార్ట్జ్ బిళ్లను కాంతితోనే తిప్పి చూపాడు. ఈ కథ చెప్పేవాళ్లు బెత్‌ను తలుస్తారు, భగవంతాన్ని తరచూ మరుస్తారు.

అయితే స్పిన్ వేరు, ఈ మెలిక వేరు. స్పిన్ చిన్న రేణువును ఉన్నచోటే గిరగిర తిప్పుతుంది. మెలిక దాన్ని వెలుగు వలయం వెంట పరిగెత్తిస్తుంది. ఈ తేడా తేలడానికి దశాబ్దాలు పట్టింది. 1990లో కీవ్‌లో సోస్కిన్ బృందం, నడుమ ఒక గీత రెండుగా చీలిన హోలోగ్రామ్‌తో ఇలాంటి కిరణాలు తయారుచేసింది. ఆ మెలికకు తనదైన తిప్పే గుణం ఉందని 1992లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నుంచి లెస్ ఆలెన్, వూర్డ్‌మన్ బృందం లెక్కగట్టి చెప్పింది. మెలితిరిగిన కాంతి శాస్త్రానికి అసలు పుట్టుక అదేనని నా అభిప్రాయం.

మెలికలు ఒకటి, రెండు, పది వేయొచ్చు. ఒక్కో రకం మెలిక మీద వేరే సమాచారం పంపొచ్చు. 2013లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లున్న బృందం 1.1 కిలోమీటర్ల ఫైబర్‌లో సెకనుకు 1.6 టెరాబిట్లు పంపింది. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నిర్మల్ విశ్వనాథన్ బృందం ఆప్టికల్ ఫైబర్‌తోనే ఇలాంటి కిరణాలను పుట్టించింది.

బజారులో దొరికే లేజర్ లైటు ఈ వలయాన్ని తనంతట తాను చూపదు, దారిలో హోలోగ్రామ్ లాంటిది పెట్టాలి. బడిలో చూపించే టీచర్లకు ఒక మనవి: వెలుగును గోడమీదే పడనివ్వండి, పిల్లల కళ్లలో పడనివ్వకండి.