చాంద్రాయణగుట్ట ఎత్తుకు ఒక్క గేరు

చార్మినార్ నుంచి శాలిబండ, అలియాబాద్, శంషీర్‌గంజ్ మీదుగా వచ్చే సైకిలు ఇంజన్‌బౌలి దాకా సాఫీగానే వస్తుంది. అక్కణ్ణుంచి ఫలక్‌నుమా వైపు దారి ఎత్తెక్కుతుంది. ఎంత బలమున్నవాడైనా సీటు మీంచి లేచి నిలబడి తొక్కాలి, లేకపోతే దిగి నెట్టుకుంటూ నడవాలి. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో గుమాస్తాగా చేసిన మా నాయన రోజూ రాత్రి ఆ ఎత్తెక్కే చాంద్రాయణగుట్టలోని ఇంటికి చేరేవాడు. ఆయన సైకిలుకు గేర్లు లేవు. ముందొక పళ్లచక్రం, వెనకొకటి, రెంటికీ ఒక చైను. ఈ దారిన పోయే పాలవాళ్లవీ, మేస్త్రీలవీ, బర్కస్ జామకాయలు గంపల్లో పెట్టుకుని బజారుకు తెచ్చేవాళ్లవీ కూడా అలాంటి బళ్లే.

నెల కిందట మా మేనల్లుడు ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. సన్నని టైర్లు, తిన్నని హ్యాండిలు. మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, బెల్లు లేదు, బ్రేకులు కూడా లేవు. "ఫిక్సీ కొంటున్న మామా. కాలేజీకి దాని మీదనే పోత" అన్నాడు. గేర్లేవిరా అని అడిగితే, "ఒక్కటే గేరు. అదే దీని స్పెషల్" అన్నాడు. వాడు కొత్తదనుకుంటున్నది మనకు తెలిసిన సైకిలుకు తాత వరస. ఆ కథ తెలిస్తే ఏ బండి కొనాలో, దానికి ఏమేం బిగించాలో కూడా తెలుస్తుందని వాణ్ణి కూర్చోబెట్టి చెప్పాను.

ఫలక్‌నుమా ప్యాలెస్‌కు పాయెగా అమీరు వికారుల్ ఉమ్రా పునాది వేయించింది 1884లో. మరుసటి ఏడాదే ఇంగ్లండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిలును బయటికి తెచ్చాడు. అంతకుముందు వేగంగా పోయే సైకిలంటే ముందు చక్రం ఛాతీ ఎత్తున ఉండేది. పెడళ్లు ఆ చక్రానికే బిగించి ఉండేవి. కాబట్టి వేగం పెరగాలంటే చక్రం పెరగాలి. చక్రం పెరిగితే పడినవాడి మెడకు ప్రమాదం. స్టార్లీ రెండు చక్రాలనూ ఇంచుమించు సమానం చేసి, వెనక చక్రాన్ని చైనుతో తిప్పించాడు. ఇక పళ్ల లెక్క మారిస్తే చాలు, వేగం మారుతుంది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఇక్కడ గుట్ట మీద ప్యాలెస్ గోడలు లేస్తున్న కాలంలోనే అక్కడ సైకిలుకు ఈనాటి రూపం వచ్చేసింది.

ఒక్క లోటు మిగిలింది. ఆ తొలి సైకిళ్లకు వెనక పళ్లచక్రం హబ్బుకు కదలకుండా బిగించి ఉండేది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే. దిగుడులో కాళ్లు ఆపుదామంటే పెడళ్లు ఆగవు, కాళ్లనే లాక్కుపోతాయి. అందుకని ముందు ఫోర్కుకు రెండు పక్కలా చిన్న మెట్లు పెట్టేవారు. దిగుడొస్తే పాదాలు తీసి వాటి మీద ఆనించి, పెడళ్లను వాటి మానాన తిరగనిచ్చేవారు. మా వాడి ఫిక్సీ అంటే ఇదే. ఫిక్స్‌డ్ గేరు.

1890ల చివర్లో ఫ్రీవీలు బజారుకొచ్చింది. చేతిలో పట్టే చిన్న చక్రం. లోపల స్ప్రింగు మీద నిలబడే రెండు ఇనుప నాలుకలు ఉంటాయి. ముందుకు తొక్కితే అవి పళ్లను పట్టుకుంటాయి, కాలు ఆపితే టిక్‌టిక్‌మంటూ పళ్ల మీంచి జారిపోతాయి. పాతబస్తీ మేస్త్రీలు వాటిని 'కుత్తే' అంటారు. పెడల్ ఉత్తినే తిరిగి బండి కదలకపోతే, చూడకుండానే "కుత్తే ఫెయిల్" అని చెప్పేస్తారు. పట్టిన పట్టు వదలని కుక్కతో పోల్చి ఆ పేరు పెట్టినవాడు ఎవరోగానీ ఆ పనిముట్టు స్వభావం బాగా ఎరిగినవాడు.

ఒక్క గేరు పేదవాడి సర్దుబాటు అనుకునేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. టూర్ డి ఫ్రాన్స్ పోటీలో గేర్లు మార్చే డెరైలర్‌ను 1937 దాకా రానివ్వలేదు. ఆల్ప్స్ కొండలు ఎక్కిన ఆ వీరుల వెనక చక్రానికి అటొకటి ఇటొకటి పళ్లచక్రం ఉండేది. ఎత్తు మొదలయ్యే చోట దిగి, చక్రం ఊడదీసి, అటుది ఇటు తిప్పి బిగించుకుని మళ్లీ ఎక్కేవారు. ఇప్పుడమ్మే ఫిక్సీల్లో చాలావాటి హబ్బుకు ఒక పక్క ఫిక్స్‌డ్, రెండో పక్క ఫ్రీవీలు బిగించుకునే వీలుంటుంది. ఆ పద్ధతి అప్పటిదే.

మన దగ్గర తొలుత తిరిగినవి ఇంగ్లండు బళ్లు: ర్యాలీ, హంబర్, బీఎస్‌ఏ, హెర్క్యులిస్, ఫిలిప్స్. హంబర్‌ను దూరం నుంచే గుర్తుపట్టేవారు, దాని ముందు ఫోర్కుకు ఒక్కో పక్క జంట కడ్డీలుండేవి. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపట్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ ఉండేది. పేర్లు ఎన్నయినా బండి మాత్రం ఒక్కటే. నల్ల రంగు, 28 అంగుళాల చక్రాలు, ఒకటిన్నర అంగుళం టైరు, తీగకు బదులు కడ్డీలతో పనిచేసే బ్రేకులు, తోలు సీటు. దశాబ్దాల పాటు ఆ నమూనా మారకపోవడాన్ని వెనకబాటు అన్నవాళ్లున్నారు. నేనొప్పుకోను. నమూనా మారలేదు కాబట్టే లూధియానాలో తయారైన ముక్క చాంద్రాయణగుట్ట చౌరస్తాలో పాతికేళ్ల నాటి బండికి సరిపోయింది. గల్లీ చివర రెంచీ, సుత్తి, నీళ్ల తొట్టి ఉన్న ఏ మనిషైనా దాన్ని బాగుచేయగలిగాడు.

మా ఇంటి దగ్గర అలాంటి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. అందరికీ చాచానే. నాయన సైకిలును మొన్న ఆయన దగ్గరికి తోసుకుపోయాను. తొక్కితే ప్రతి చుట్టుకూ ఒకసారి 'టక్'మంటోంది. చాచా పెడల్ కడ్డీని చేత్తో ఒకసారి ఊపి, "కాటర్ పిన్ను" అన్నాడు. పెడల్ కడ్డీని ఇరుసుకు పట్టి ఉంచే మేకు అది. వేలెడు కూడా ఉండదు, ఒక పక్క ఏటవాలుగా చదును చేసి ఉంటుంది. పాతదాన్ని సుత్తితో బయటికి కొట్టి నా చేతిలో పెట్టాడు. చదును పక్క మధ్యలో అరిగి పల్లం పడింది. కొత్త పిన్ను తీసి ఆకురాయితో రెండు మూడు సార్లు రుద్దాడు, దూర్చి చూశాడు, మళ్లీ రుద్దాడు. కడ్డీ కింద ఇనుప దిమ్మ ఆనించి సుత్తితో దిగ్గొట్టాకే నట్టు బిగించాడు. "నట్టుతోని లాగొద్దు సాబ్, మర పోతది. సుత్తితోనే కూసోవాలె" అన్నాడు. కుడి ఎడమ పిన్నులు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో దిగాలి. ఒకే దిక్కున దిగ్గొడితే రెండు పెడళ్లు ఒకే గీతలో ఉండవు, తొక్కేవాడి నడుము రోజంతా వంకర తిరుగుతుంది. పది నిమిషాల్లో టక్కు పోయింది.

మా వాడికి చాచా చెప్పిన కొలతలు కూడా పాతవే. ఫ్రేము 22 అంగుళాలు చాలామందికి సరిపోతుంది, పొడగరికి 24. అడ్డకడ్డీకి ఇరుపక్కలా రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, కడ్డీ ఒంటికి తగలకూడదు. చంక కింద సీటు ఆనించి చేయి చాపితే వేళ్లు పెడల్ ఇరుసును అందుకోవాలి, అది సీటు ఎత్తు. మోచేయి సీటు ముక్కుకు ఆనిస్తే వేలి కొసలు హ్యాండిలు మెడకు తగలాలి, అది దూరం. టేపు అక్కర్లేదు, మనిషి ఒళ్లే కొలబద్ద.

అసలు ఎంపిక పళ్ల దగ్గర ఉంది. మన నల్ల సైకిలుకు మామూలుగా ముందు 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి బండి సుమారు అయిదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు ఇరవై కిలోమీటర్లకు కాస్త తక్కువ. చదును నేల మీద ఇది చక్కగా ఉంటుంది. ఇంజన్‌బౌలి ఎత్తు రోజూ ఎక్కేవాడు వెనక 20 పళ్లది వేయించుకోవడం మేలు. చుట్టుకు అర మీటరు పైగా తగ్గుతుంది, మోకాళ్లకు ఆ అర మీటరు చాలా పెద్ద లెక్క. ఒక్క గేరు బండి కొనేవాడు తన దారిలో అన్నిటికంటే గట్టి ఎత్తు ఏదో ముందు చూసుకోవాలి. చదునులో కాస్త వేగం పోయినా ఫరవాలేదు.

ఇక సామాన్లు. బొమ్మలోని సైకిలుకు లేనివన్నీ నాయన బండికి ఉన్నాయి. నిండు చైన్ కవరు ఉంటే పంచె, పైజామా, బురఖా ఏదీ చైనులో పడదు. చాలా ఊళ్లలో చైన్ కవరు లేనివాళ్లు పంట్లాము అంచుకు క్లిప్పు పెట్టుకునేవారు. మడ్‌గార్డు చివర రబ్బరు ముక్క లేకపోతే వానాకాలం బురద వీపు దాకా వస్తుంది. రాత్రిపూట దీపం లేదని తెలుగు పట్టణాల్లో పోలీసులు ట్యూబు గాలి తీసేసిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. మున్సిపాలిటీకి ఏటా పన్ను కట్టి తెచ్చుకునే రేకు బిళ్లలు కూడా. ఇప్పుడా బిళ్ల లేదు, దీపం అవసరం మాత్రం రెట్టింపయింది. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం లేకుండా బైపాస్ వైపు పోవద్దని వాడికి గట్టిగా చెప్పాను.

క్యారియర్ గురించి వేరే చెప్పాలి. 1966లో కేరళలోని తుంబా రాకెట్ కేంద్రంలో హెన్రీ కార్టియే-బ్రెసాన్ తీసిన ఫొటో చాలామంది చూసే ఉంటారు. రాకెట్ ముక్కు భాగాన్ని సైకిలు క్యారియర్ మీద పెట్టుకుని తీసుకుపోతుంటారు. ఆ రోజుల్లో తుంబాలో పనిచేసిన అబ్దుల్ కలాం 1982లో మా పక్కనే ఉన్న రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చారు. దేశం అంతరిక్షంలోకి వెళ్లే దారిలో కొంత దూరం ఒక్క గేరు సైకిలు వెనక సాగిందంటే, క్యారియర్ పీకేసి సైకిలును తేలిక చేసుకోవడం నాకు అర్థం కాని పని.

ఫిక్స్‌డ్ గేరుకు తావు లేదని కాదు. ఉస్మానియా యూనివర్సిటీలో 2002 జాతీయ క్రీడలప్పుడు కట్టిన వెలోడ్రోమ్ ఉంది. అలాంటి వాలు ట్రాకు మీద ఎదురొచ్చేవాళ్లుండరు, బ్రేకులుంటేనే వెనకవాడికి ప్రమాదం. అక్కడ తొక్కే బళ్లకు బ్రేకులూ ఫ్రీవీలూ ఉండవు. చాంద్రాయణగుట్ట చౌరస్తా అలా ఉండదు. మేకల మంద, స్కూలు ఆటో, వెనక్కి వస్తున్న లారీ ఒకేసారి ఎదురవుతాయి. స్పీడ్ బ్రేకరు మీద పెడల్ ఆపలేకపోతే అది నేలకు కొట్టుకుంటుంది. మలుపులోనూ అంతే. కాళ్లతోనే బండి ఆపుతానని మా వాడు అన్నాడు. ఫలక్‌నుమా దిగుడులో ఆ మాట నిలవదు. ఇక్కడ రోజూ తొక్కేవాడికి ఫ్రీవీలు, రెండు బ్రేకులు ఉండి తీరాలి. వానలో స్టీలు రిమ్ము మీద బ్రేకు రబ్బరు జారుతుంది కాబట్టి చౌరస్తా రాకముందే మెల్లగా నొక్కి రిమ్ము తుడుచుకోవాలని కూడా తెలిసుండాలి.

2020 అక్టోబరు వరదల్లో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. మా గల్లీలోనూ నీళ్లొచ్చాయి. నాయన సైకిలు మూడు రోజులు బురద నీళ్లలో ఉంది. చాచా దాన్ని విప్పి, హబ్బుల్లోని బాల్స్ కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టి, గ్రీజు పెట్టి సాయంత్రానికి నిలబెట్టాడు. అదే వారం మా స్కూటరు ఒక వర్క్‌షాపులో చేరి నెల దాకా బయటికి రాలేదు.

2022 ఆగస్టులో చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరును పొడిగించారు. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి ఇటు వచ్చే పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. నగరానికి ఆ చివర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాకు ఉంది, పొద్దున వ్యాయామానికి బాగుంటుంది. పనికి పోయే సైకిలు తిరిగే ఈ దారికి మాత్రం గజం వెడల్పు గీత కూడా గీయలేదు. మెట్రో స్తంభాలు లేవకముందే, గీతలు కాగితం మీద ఉండగానే ఆ గజం అడగాలని నాకనిపిస్తోంది.

మా వాడు కొత్తది కొనలేదు. నాయన ఫ్రేముకు కొత్త రిమ్ములు, 20 పళ్ల ఫ్రీవీలు, రెండు దీపాలు వేయించాం. మొదటిరోజు శంషీర్‌గంజ్ నుంచి నేను స్కూటరు మీద వెనకే వచ్చాను. ఇంజన్‌బౌలి దాటగానే వాడు సీటు మీంచి లేచాడు. భుజాలు ఇటూ అటూ ఊగాయి. ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది, వాడు దిగలేదు. ఫలక్‌నుమా దగ్గర ఎత్తు అయిపోయాక కూర్చుని కాళ్లు ఆపాడు. అంత రొదలోనూ కుత్తేల టిక్‌టిక్ నాకు వినిపించింది.