వేటకా, గురికా? ఏర్ గన్ కొనబోయే మన పిల్లలకు



ఆయుధ పూజ రోజు మన గ్రూపులో ఒక అబ్బాయి అడిగినాడు. "తాతా, ఏర్ గన్ ఒకటి కొనాలని ఉంది. చేనులో వేటకూ పనికి రావాల, గురి కొట్టేదానికీ పనికి రావాల. ఏది తీసుకోమంటారు?" దాని కింద తలా ఒక మాట రాసినారు. ఒకరు "పాయింట్ టూ టూ తీసుకో, అడవి పంది కూడా పడుతుంది" అన్నారు. ఇంకొకరు "మనది వేటగాళ్ల వంశం, మనకు ఎవరి పర్మిషన్ కావాల?" అన్నారు. ఆ రెండు మాటలూ చూసి ఊరికే ఉండలేక ఇది రాస్తున్నాము. పొడుగవుతుంది, ఓపిక పట్టండి. మేము చదివింది జోలార్‌పేటలో, తమిళ బడిలో. మా తెలుగు ఇంట్లో మాట్లాడి, స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నది. తప్పులుంటే దిద్దుకోండి.

తుపాకి అనే మాటే మనది కాదు. టర్కీ వాళ్ల మాట అది. సిపాయిలతో పాటు వచ్చి మనకు తుపాకి అయింది, తమిళంలో తుప్పాక్కి అయింది. కన్నడంలో కోవి అంటారు. పావగడ కొండ మీద పాళెగాళ్లు కోట కట్టుకున్న కాలంలో మన బోయ బంట్లకు ఈటె, విల్లు, వలలు, కుక్కలే వేట సామాను. తుపాకి వచ్చింది యుద్ధానికి. 1779లో చిత్రదుర్గం హైదర్ చేతిలో పడిన తరువాత మనవాళ్లు చాలామంది ఎవరు జీతమిస్తే వాళ్ల సైన్యంలో చేరినారు. మందు కూరి, గుండు దిగ్గొట్టి, వత్తి ముట్టించే తుపాకి అది. వాన పడితే కట్టెతో సమానం.

గాలితో గుండు కొట్టే తుపాకి పిల్లల బొమ్మగా పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం జిరాందోని అనే ఆయన చేసిన గాలి తుపాకి వాడింది. వెనక కట్టె ఉండే చోట గాలి బుడ్డి. ఒకసారి నింపితే ఇరవై గుండ్ల దాకా వరసగా కొట్టవచ్చు. పొగ లేదు, వత్తి లేదు. కానీ ఆ బుడ్డి నింపాలంటే వెయ్యికి పైగా సార్లు పంపు కొట్టాలి. అలాంటిదే ఒకటి 1804లో అమెరికా పడమటి దేశాలు చూడబోయిన లూయిస్, క్లార్క్ తీసుకపోయినారు. ఇంట్లో వాడుకునే ఏర్ గన్ ఆ తరువాత చాలా ఏండ్లకు వచ్చింది. అమెరికాలో గాలిమరలు అమ్మే ఒక కంపెనీ 1888లో డెయిసీ అనే ఏర్ గన్ చేసింది. చివరికి గాలిమరలు మూలపడి ఏర్ గన్నే వ్యాపారం అయింది. జర్మనీలో డయానా వాళ్ల కంపెనీ 1890లో మొదలైంది. ఇంగ్లండులో బీఎస్ఏ వాళ్లు 1905 నుంచి చేసినారు.

మన దేశంలోకి అవి దొరల ఇండ్ల పిల్లలతో వచ్చినాయి. జోలార్‌పేట రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు ఉండేవాడు. ఆయన దగ్గర ఒక డయానా ఉండేది. సాయంత్రం గోడ మీద సిగరెట్ డబ్బా పెట్టి కొట్టేవాడు. మేము ఐదారుగురు పిల్లలం పక్కన నిలబడి, పడిన గుండ్లు ఏరి ఇచ్చేవాళ్లం. స్టేషన్ బయట నరికురవర్ వాళ్లు నాటు తుపాకి భుజాన వేసుకొని పూరేళ్లు, కౌజులు అమ్ముతుండేవాళ్లు. మన పక్క వాళ్లను నక్కలోళ్లు అంటారు. తమిళంలో పూరేడును కాడై అంటారు, కౌజును కౌదారి అంటారు. మా నోట్లో ఇప్పటికీ కౌదారే ముందు వస్తుంది.

ఇక చట్టం సంగతి. 1878లో లిట్టన్ దొర కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. మన పావగడ మైసూరు సంస్థానంలో ఉండేది, పక్కనే ఉన్న మడకశిర, హిందూపురం మద్రాసు రాజధాని కింద ఉండేవి. ఒకే భాష, ఒకే బంధుత్వం, మధ్యలో గీత. మైసూరులో 1901లోనే వేటకూ చేపలకూ ఒక రెగ్యులేషన్ వచ్చింది. "మా తాతల కాలంలో అడ్డూ ఆపూ లేదు" అనేవాళ్లు ఆ సంవత్సరం గుర్తు పెట్టుకోండి. స్వతంత్రం వచ్చినాక 1959 ఆయుధాల చట్టం, 1962లో దానికి రూల్సు. ఆ రూల్సులో ఏర్ గన్‌కు ఒక పరీక్ష ఉండేది: గుండు అంగుళం మందం చెక్కను దాటిపోకుంటే లైసెన్సు అక్కరలేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. మొదట్లో కొన్నింటికి లైసెన్సు మీద వేట ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. కుందేలు, కౌజు, పూరేడు, నెమలి, జింక, అడవి పంది అన్నీ చట్టం కింద ఉన్నాయి. ఏర్ గన్‌తో కొట్టినా వేటే, ఉండేలుతో కొట్టినా వేటే, ఉచ్చు పెట్టినా వేటే.

అందుకే ఆ అబ్బాయి ప్రశ్నలో సగం యాభై ఏండ్ల కిందటే తీరిపోయింది. "వేటకు ఏ ఏర్ గన్ మంచిది" అంటే జవాబు లేదు. పంది చేను తొక్కితే అటవీ శాఖకు అర్జీ పెట్టి పరిహారం అడగవచ్చు. మనిషికీ పంటకూ ప్రమాదమైతే పై అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చే దారి చట్టంలోనే ఉంది. ఏర్ గన్‌తో పందిని కొడితే అది చావదు. గుండు తోలులో పెట్టుకొని తిరిగి, మరుసటి రోజు కలుపు తీసే ఆడమనిషి మీద పడుతుంది.

"కొడగు వాళ్లకు లైసెన్సే లేదంట, మనకెందుకు?" అని కూడా ఒకరు రాసినారు. నిజమే. 1861లో మార్క్ కబ్బన్ వాళ్లకు మినహాయింపు ఇచ్చినాడు. ఇప్పటి ప్రభుత్వం దాన్ని 2029 దాకా పొడిగించింది. కైల్ పోల్దు పండగకు వాళ్లు కోవికి పూజ చేస్తారు. కానీ ఆ మినహాయింపు తుపాకి పెట్టుకునేదానికి. వేటకు కాదు. అడవిలో జంతువును కొడితే కొడగు మనిషికీ అదే చట్టం, పావగడ మనిషికీ అదే చట్టం.

మా సంగతి ఒకటి చెప్పాలి. ఇంతవరకు ఎక్కడా రాయలేదు. 1970ల మధ్యలో వేసవి సెలవులకు మా ఊరు వచ్చినాము. పద్నాలుగు పదిహేను ఏండ్లు ఉంటాయి. మా మామ ఒకాయన దగ్గర ఏర్ గన్ ఉండేది. అది తీసుకొని కొండ కింద చెరువు గట్టుకు పోయినాము. సీతాఫలం చెట్టు పక్కన కౌజు కనపడింది. కొట్టినాము. తగిలింది, రెక్క వేలాడింది, కానీ చావలేదు. పరుగెత్తి కంపలోకి దూరింది. ఇంటికొచ్చి గొప్పగా చెప్పినాము. మా తాత అప్పుడు గొంగడి మీద కూచొని తాడు పేనుతున్నాడు. ఆయన చిన్నప్పుడు వలతో, కుక్కలతో వేటాడిన మనిషి. "పిట్ట ఏదిరా?" అన్నాడు. కంపలోకి పోయిందన్నాము. "దెబ్బ తిన్నదాన్ని ఇడిసిపెట్టి వచ్చేవాడు వేటగాడు కాదు, పద" అని మమ్మల్ని వెంట తీసుకపోయినాడు. చీకటి పడేదాకా ఆ కంపలో వెతికినాము. చేతులు గీరుకపోయినాయి. దొరకలేదు. తాత ఆ రాత్రి మాతో మాట్లాడలేదు. ఆ తరువాత కూడా ఆ సంగతి ఎత్తలేదు. గుండు బలం చాలలేదని మేము చాలా ఏండ్లు అనుకున్నాము. ఇంకా బలమైన ఏర్ గన్ ఉంటే చచ్చిపోయేది కదా అని. ఇప్పుడు పాయింట్ టూ టూ అడిగే పిల్లోడు అనేదీ అదే.

మన సంఘం పేరులోనే వాల్మీకి ఉన్నాడు. బోయవాడు కొట్టిన కొంగను చూసి ఆయన ఏడిస్తే రామాయణం మొదలైందని చిన్న పిల్లలకూ తెలుసు. వంశం మాట ఎత్తితే ఆ కథ కూడా ఎత్తాలి కదప్పా.

మన చుట్టుపక్కల చూడండి. సిరా తాలూకా కగ్గలడులో ఊరి చింతచెట్ల మీదనే ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. అటుపక్క హిందూపురం దారిలో వీరాపురంలో కూడా అంతే. ఊరి జనమే కాపలా. మధుగిరి తాలూకా మైదనహళ్లిలో కృష్ణజింకల కోసం 798 ఎకరాలు వదిలిపెట్టినారు, 2007లో. ఎక్కడో అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో జనం తమ ఏర్ గన్‌లను ప్రభుత్వానికి అప్పజెప్పినారు, పిట్టలు కరువై పోతున్నాయని.

ఇక ప్రశ్నలో మిగిలిన సగం. గురికి ఏర్ గన్ కొనాలంటే సంతోషంగా కొనండి. అది మంచి ఆట.

2016 రూల్సు ప్రకారం కొలతలు రెండు. గొట్టం లోపలి వెడల్పు పాయింట్ 177 అంగుళం, అంటే నాలుగున్నర మిల్లీమీటర్లు దాటకూడదు. గుండు బలం 20 జౌల్స్ దాటకూడదు. రెండింట్లో ఏది దాటినా లైసెన్సు కావాలి. కాబట్టి పాయింట్ టూ టూ బలం ఎంత తక్కువైనా లైసెన్సు లేకుండా కొంటే కేసు. "ఏమీ కాదు అన్నా, కాగితం అక్కరలేదు" అని ఫోన్‌లో అమ్మేవాడు కేసు రోజు మీతో రాడు. కొన్న రసీదు పారేయకండి. మేము పార్సెల్ ఆఫీసులో పనిచేసినన్ని రోజులూ రసీదు లేని మనిషి పడే కష్టం చూసినాము.

ఎక్కువ బలం కావాలని ఆశపడవద్దు. పోటీలలో వాడే ఏర్ గన్ బలం ఏడున్నర జౌల్స్ చుట్టూనే ఉంటుంది. అర గ్రాము గుండు సెకనుకు 175 మీటర్లు పోతే అంతే వస్తుంది. 280 మీటర్లు పోతే మన చట్టం గీత దగ్గరికి వస్తుంది. పది మీటర్ల దూరంలో కాగితానికి చిల్లు పడాలంటే ఏడున్నర చాలా ఎక్కువ. పై బలమంతా అదురుగా మారి మీ గురినే చెడగొడుతుంది.

స్ప్రింగు ఏర్ గన్, గొట్టం వంచి బిగించేది, మొదటిసారికి చాలు. ఖర్చు తక్కువ, పంపు అక్కరలేదు. కానీ స్ప్రింగు ముందుకు కొట్టినప్పుడు తుపాకి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. గట్టిగా పట్టుకుంటే గుండు ఎటో పోతుంది. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. గుండు వేయకుండా ఉత్తగా కొట్టకండి, సీలు పోతుంది. గొట్టం వంచి ఉన్నప్పుడు చెయ్యి తీయకండి. గాలి బుడ్డి రకంలో అదురు ఉండదు, పోటీవాళ్లందరిదీ అదే. ధర ఎక్కువ, పైగా పంపు గానీ సిలిండర్ గానీ కావాలి. సెకండ్ హ్యాండ్ కొంటే బుడ్డి మీద తేదీ చూడండి. పోటీ తుపాకుల బుడ్డికి సామాన్యంగా పదేండ్లు.

టెలిస్కోపు పెట్టించుకోవద్దు. పది మీటర్ల పోటీలో అది చెల్లదు. మొదట మామూలు సైటు, తరువాత కన్ను పెట్టి చూసే చిన్న రంధ్రం సైటు, దాన్ని పీప్ సైటు అంటారు. బరువు పిల్లోడి భుజానికి తగినట్టు ఉండాలి. పోటీలో ఐదున్నర కిలోల దాకా ఒప్పుకుంటారు, కానీ పన్నెండేండ్ల పిల్లోడికి మూడు కిలోలే బరువు. గుండ్లు ఢమరుకం ఆకారంలో ఉంటాయి. ముందు భాగం చదునుగా ఉన్నవి అడగండి. అవే కాగితంలో గుండ్రంగా, శుభ్రంగా చిల్లు పెడతాయి. మొన తేలినవి మనకెందుకు? సీసం గుండ్లు ముట్టుకున్నాక చెయ్యి కడగకుండా ముద్ద తినవద్దు.

గురి వెనక ఏముందో చూడండి. మన ఊళ్లలో ఎటు చూసినా బండలే. బండకు తగిలిన గుండు తిరిగి మీ కంటికే వస్తుంది. ఇసుక మూట పెట్టండి, లేకుంటే వాలుగా ఉన్న ఇనుప డబ్బా. కండ్లద్దాలు తప్పదు. తిరుమణి వైపు అయితే అసలే వద్దు. పదమూడు వేల ఎకరాల సోలార్ పలకలు, ఒకటి పగిలితే ఏర్ గన్ ధర కంటే పైన పడుతుంది!

పోటీ గురి బొమ్మ మొత్తం నాలుగున్నర సెంటీమీటర్లు. నడుమ ఉండే పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, పెన్ను చుక్కంత. అలాంటివి అరవై, గంటా పావులో కొట్టాలి. 2008లో అభినవ్ బింద్రా బీజింగ్‌లో బంగారం తెచ్చింది ఈ ఆటలోనే. 2012లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచు తెచ్చినాడు. 2024లో పారిస్‌లో యాభై మీటర్ల రైఫిల్‌లో కంచు తెచ్చిన స్వప్నిల్ కుసాలే అప్పటికి రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా ఉండినాడు. ఆ వార్త వచ్చిన రోజు మేము పాత స్నేహితులందరికీ ఫోన్ చేసినాము. వాళ్ల పిల్లలే గెలిచినట్టు మాట్లాడినారు.

ఆ అబ్బాయి మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చినాడు. హిందూపురంలో ఎవరో అమ్ముతున్నారని ఒక పాత పీప్ సైటు ఏర్ గన్ ఫోటోలు చూపించినాడు. బుడ్డి మీద తేదీ ఉన్న చోట బాగా గీకి ఉంది. అది వద్దన్నాము. వచ్చే నెల పింఛను పడినాక ఇద్దరమూ బస్సెక్కి తుమకూరు పోయి ఒక దుకాణంలో చూస్తాము. మన ఊరికి రైలు వచ్చేదాకా కాచుకుంటే వాడికి పెండ్లి అయిపోతుంది. ఎవరికైనా ఏర్ గన్ రిపేరీ తెలిసిన మనిషి పరిచయం ఉంటే కింద రాయండి.