ప్లాట్‌ఫారం మీద చాచిన చెయ్యి: ఖరగ్‌పూర్ నుంచి యాచన నిషేధ చట్టాల పరిశీలన

ఖరగ్‌పూర్ జంక్షన్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ప్రపంచంలో అంత పొడవైనది ఇంకొకటి లేదని తెలుగు పిల్లలు కూడా బళ్లో బట్టీ పట్టేవారు. ఆ ప్లాట్‌ఫారం మీద ఒక ముసలామె చెయ్యి చాచిందనుకుందాం. అక్కడ ఆమె మీద కేంద్రం చేసిన రైల్వే చట్టం పనిచేస్తుంది. ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) జవాను కసిరితే మెట్లు దిగి గోల్‌బజార్ వైపు నడుస్తుంది; అది రైల్వే కాలనీ. ఇంకాస్త ముందుకెళ్తే 1954లో ఏర్పడిన పురపాలక సంఘం. స్టేషన్ దాటాక రాష్ట్రం మాట చెల్లుతుంది. రాష్ట్రం చేతిలో ఉన్నది 1943 నాటి బెంగాల్ వేగ్రెన్సీ (దిమ్మరితనం) చట్టం. ఒక అరగంట నడకలో ఆమె ఆకలి ఏమీ మారలేదు. ఆమెను ఏమని పిలవాలో, ఎక్కడికి తోలాలో మాత్రం మారిపోయింది.

నగరాలు బహిరంగ స్థలాల్లో బిచ్చమెత్తడాన్ని నిషేధించాలా అన్న చర్చ ఢిల్లీ, ముంబయి, హైదరాబాదుల చుట్టూనే తిరుగుతుంటుంది. ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊరు అందులోకి రాదు. కానీ నిషేధం నిజంగా ఏం చేస్తుందో చూడాలంటే ఇంతకన్నా తేటగా కనిపించే చోటు దొరకదు. ఇక్కడ హద్దులు కాలినడకన కొలవగలిగినంత దగ్గరగా ఉన్నాయి. పైగా ఇక్కడ అడిగే గొంతుల్లోనూ పెట్టే చేతుల్లోనూ తెలుగు ఉంది. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ కార్ఖానా పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేలమంది పొట్ట చేతపట్టుకుని వచ్చారు. వాళ్ల మనవలు, మునిమనవలు మాలంచలో, మథురాకాటిలో, నింపురాలో ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు.

ముందుగా 1943 చట్టం పుట్టిన వేళ చూడాలి. 1942 అక్టోబరు 16న మేదినీపూర్ జిల్లా తీరాన్ని తుపాను ముంచేసింది. కాంతి, తమ్‌లుక్ ప్రాంతాల్లో పొలాలు ఉప్పునీట మునిగాయి, పశువులు కొట్టుకుపోయాయి. ఖరగ్‌పూర్ అప్పుడు ఆ జిల్లాలోనే ఉంది. మరుసటి ఏడు బెంగాల్ కరువు. చనిపోయినవాళ్లు సుమారు 30 లక్షలని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. ఊళ్లు వదిలి నడిచి వచ్చినవాళ్లూ, రైళ్లకు వేలాడుతూ వచ్చినవాళ్లూ కలకత్తా గుమ్మాల ముందు నిలబడి అడిగింది అన్నం కూడా కాదు, ‘ఫ్యాన్’. అంటే గంజి. అన్నం అడిగితే ఎవరూ పెట్టరని వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది.

ఆ ఏడే బెంగాల్ వేగ్రెన్సీ చట్టం వచ్చింది. అప్పటి ప్రభుత్వం కరువు స్మృతి (ఫామిన్ కోడ్) ప్రకారం కరువు ఉందని చివరిదాకా ప్రకటించలేదు. కరువును గుర్తించని పాలన కరువు వీధిలోకి తోసిన మనిషిని మాత్రం గుర్తుపట్టింది, నిర్వచించింది, పట్టుకునే అధికారం రాసుకుంది. ఈ ఒక్క సంగతి ఆ చట్టం స్వభావాన్ని ఏ వ్యాఖ్యానం కన్నా బాగా చెబుతుంది.

నిర్వచనం చాలా వెడల్పయినది. బహిరంగ స్థలంలో ముష్టి అడిగినవాళ్లే కాదు, ముష్టితో బతుకుతున్నట్టు అనిపించే తీరులో తిరుగుతున్నవాళ్లూ, ఊరికే ఉన్నవాళ్లూ దాని కిందికి వస్తారు. అడుగుతూ దొరకనక్కర్లేదు, చిరుగుల చీరే సాక్ష్యం. ప్రత్యేక మేజిస్ట్రేటు క్లుప్తంగా విచారిస్తాడు, దిమ్మరి అని తేలిస్తే ముందు స్వీకరణ కేంద్రానికి, అక్కణ్నుంచి దిమ్మరుల గృహానికి పంపుతారు. కుష్ఠు ఉన్నవాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, అంటురోగులు, పిల్లలు అని వేరుచేస్తారు. ఎన్నాళ్లుండాలో గడువు లేదు. పని దొరికితేనో, బంధువెవరో పూచీ పడితేనో విడుదల. బంధువులే ఉంటే ఆ మనిషి వీధిలో ఎందుకుంటుంది?

నేరం రుజువు కాకుండా మనిషిని గోడల మధ్య పెట్టడం ఖరగ్‌పూర్‌కు తెలియని విషయం కాదు. 1930లో ఊరి పక్కనే హిజ్లీలో విచారణ లేని నిర్బంధ శిబిరం తెరిచారు. 1931 సెప్టెంబరు 16న అక్కడి ఖైదీలపై కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపారు. రవీంద్రనాథ్ ఠాగూర్, సుభాష్ చంద్రబోస్ గొంతెత్తారు. 1951లో ఆ భవనంలోనే దేశపు మొదటి ఐఐటీ మొదలైంది. రాజకీయ ఖైదీకి దేశం న్యాయం అడిగింది. దిమ్మరుల గృహంలోని మనిషి కోసం ఆ స్థాయిలో ఎవరూ అడగలేదు.

ఇక రైలు హద్దు. 1989 రైల్వే చట్టం 144వ సెక్షను అనుమతి లేకుండా సరుకులమ్మడాన్నీ, బిచ్చమెత్తడాన్నీ ఒకే గాటన కట్టింది: ఏడాది వరకు జైలు లేదా 2,000 రూపాయల వరకు జరిమానా. రోజంతా తిరిగినా వంద రూపాయలు రాని మనిషికి రెండు వేల జరిమానా! 2020లో రైల్వే శాఖ ఈ శిక్ష ఎత్తేయాలని ప్రతిపాదించింది. 2023 జన్ విశ్వాస్ చట్టం ఎత్తేసింది. ఇప్పుడు మిగిలిన మాట ఒక్కటే: రైల్లో, స్టేషన్లో బిచ్చమెత్తనివ్వరాదు; ఎత్తితే దింపేయవచ్చు. ఇది మంచి మార్పే. కానీ అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వస్తే శిక్షించే 147వ సెక్షను పక్కనే ఉంది. ప్లాట్‌ఫారం టిక్కెట్టు లేని మనిషిని ఆ పేరుతో పట్టుకోవచ్చు. ముందు తలుపులోంచి పంపిన నేరం వెనక తలుపులోంచి రావడానికి దారి ఇంకా ఉంది.

హౌరా లోకల్లో కూర్చుంటే ఇంకో చిక్కు ఎదురవుతుంది. పెట్టె ఈ చివర కళ్లు లేని మనిషి పాడుతూ గిన్నె చాస్తాడు. ఆ చివర ఏకతార మీటుతూ బావుల్ అనే బెంగాలీ సంచార గాయకుడు వస్తాడు. బావుల్ పాటను యునెస్కో 2005లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఇద్దరూ పాడుతున్నారు, ఇద్దరూ చిల్లరే తీసుకుంటున్నారు. ఎవరు కళాకారుడు, ఎవరు బిచ్చగాడు? వైష్ణవుల భిక్షను బెంగాలీలో ‘మాధుకరి’ అంటారు. తెలుగులో అదే ‘మధూకరం’; పువ్వు పువ్వునూ తడిమే తుమ్మెదలా ఇంటింటా పిడికెడు అన్నం తెచ్చుకోవడం. మధూకరం ఎత్తి, వారాలు చేసి చదువుకున్న పండితులు మన పాత తరాల్లో ఎందరో. ధనుర్మాసంలో నెత్తిన అక్షయపాత్ర పెట్టుకుని వచ్చే హరిదాసుకు బియ్యం పోయడం సంక్రాంతిలో భాగం. గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు, సోదె చెప్పే అమ్మలు, జంగం దేవరలు, వీళ్లందరి బతుకూ అడగడం చుట్టూ అల్లుకున్నదే. 1959 బొంబాయి యాచన నిరోధక చట్టం దగ్గరికి వచ్చేసరికి పాట, ఆట, సోదె, ఏదో వస్తువు అమ్మడం, ఇవన్నీ బిచ్చమెత్తడానికి సాకులుగా మారిపోయాయి. మొదటిసారి దొరికితే ఏడాది నుంచి మూడేళ్లు. మళ్లీ మళ్లీ దొరికితే పదేళ్ల వరకు నిర్బంధం. తెలుగువాళ్లు గుమ్మంలోకి పిలిచి పెట్టిన మనిషిని ఈ చట్టం చూపులోంచి చూస్తే నేరస్థుడే.

నిషేధం తెలుగు నేల మీద అమలైన ఘట్టం 2017 నాటిది. నవంబరు 28 నుంచి 30 వరకు హైదరాబాదులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు. అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా ట్రంప్ అతిథి. ఆ నెల మొదట్లోనే నగర పోలీసు కమిషనర్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షను కింద రెండు నెలల పాటు రోడ్ల మీద బిచ్చమెత్తడం నిషేధించారు. అల్లర్లు చెలరేగినప్పుడు అప్పట్లో వాడే సెక్షను అది. రైల్వే చట్టంలోనూ అంకె అదే కావడం యాదృచ్ఛికమే గాని మనసులో గుచ్చుకుంటుంది. కూడళ్లలో పట్టుకున్నవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అక్కడ తిండి పెట్టారు, వైద్యం చేశారు. అయినా ఇల్లు లేనివాళ్లకు చూపిన మొదటి ఇల్లు జైలు గోడల లోపల ఉందన్న మాట మిగిలింది. బిచ్చగాళ్లను చూపించినవారికి 500 రూపాయలిస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది. ఆకలితో ఉన్న మనిషికన్నా ఆ మనిషిని పట్టించినవాడికి ముందు డబ్బు దొరికింది. ఇందోర్ 2025 జనవరి నుంచి ఇంకో అడుగు వేసి, బిచ్చం వేసినవాళ్ల మీద కూడా కేసు పెడతామంది.

న్యాయస్థానాలు వేరే దారిలో వెళ్తున్నాయి. 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టులో గీతా మిట్టల్, సి. హరిశంకర్ ధర్మాసనం హర్ష్ మందర్ తదితరుల పిటిషన్లపై తీర్పిస్తూ, ఢిల్లీకి వర్తింపజేసిన బొంబాయి చట్టంలో బిచ్చాన్ని నేరం చేసే సెక్షన్లను కొట్టేసింది. కనీస అవసరాలు తీర్చాల్సిన రాజ్యం ఆ పని చేయలేక, తీరనివాళ్లను శిక్షించడం తగదన్నది దాని సారం. బలవంతంగా బిచ్చమెత్తించేవాళ్లను శిక్షించే సెక్షనును మాత్రం ఉంచింది. 2019లో జమ్మూ కశ్మీర్ హైకోర్టు అక్కడి చట్టాన్నీ కొట్టేసింది. కోవిడ్ కాలంలో కూడళ్ల నుంచి బిచ్చగాళ్లను తొలగించమన్న విన్నపం 2021 జులైలో సుప్రీంకోర్టుకు వస్తే, కలిగినవాళ్ల కంటితో దీన్ని చూడలేమని జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ షా ధర్మాసనం నిరాకరించింది. అదే ఏడు జనవరిలో, జెనీవా వీధుల్లో అడుక్కున్న పేద రోమా యువతికి 500 ఫ్రాంకుల జరిమానా, కట్టలేనందుకు ఐదు రోజుల జైలు వేయడం ఆమె గౌరవానికే భంగమని యూరప్ మానవ హక్కుల కోర్టు తేల్చింది.

నిషేధం కావాలనేవాళ్ల మాటలో నిజం లేదని ఈ వ్యాసం అనదు. చంకలో మత్తుగా పడి ఉన్న పసిబిడ్డను చూపించి అడిగేవాళ్లను చూస్తే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. ఆ బిడ్డ ఎవరి బిడ్డో అన్న అనుమానమూ వస్తుంది. రాత్రి పెట్టెలో దారికి అడ్డం నిలబడి, ఇవ్వకపోతే తిట్టే సందర్భాలున్నాయి. అయితే వీటికి చట్టాలు ఉన్నాయి. పిల్లలతో బిచ్చమెత్తిస్తే 2015 బాలల న్యాయ చట్టం 76వ సెక్షను కింద ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా. బిచ్చం కోసం పిల్లల్ని ఎత్తుకుపోతే భారతీయ న్యాయ సంహిత 139వ సెక్షను పదేళ్లకు తక్కువ కాని కఠిన శిక్ష చెబుతుంది. అవిటి చేస్తే ఇరవై ఏళ్లకు తక్కువ కాదు. బెదిరించి గుంజుకోవడానికి వేరే సెక్షన్లున్నాయి. ఈ కేసులు కష్టపడి తవ్వాల్సినవి. పిల్ల వెనక ఉన్న పెద్దచేతిని వెతకాలి. ముసలామెను ప్లాట్‌ఫారం దింపడం సులువు. నిషేధం ఉన్నచోట సులువైన పనే ఎక్కువ జరుగుతుంది.

ఖరగ్‌పూర్‌లో ఈ ముసలామె ఎవరో ఒక్కసారి ఆలోచించాలి. కార్ఖానాలో పర్మినెంటు ఖలాసీగా చేసి పోయినవాడి భార్యకు నెలనెలా కుటుంబ పెన్షను వస్తుంది, రైల్వే ఆస్పత్రి ఉంటుంది. అదే ఊరి నుంచి అదే రైలెక్కి వచ్చి కాంట్రాక్టరు కింద బస్తాలు మోసినవాడి భార్యకు అవేవీ లేవు. ఇద్దరి మొగుళ్లూ రైలుకే చాకిరీ చేశారు. 2011 జనగణన పశ్చిమ బెంగాల్‌లో 81 వేలకు పైగా బిచ్చగాళ్లు, దిమ్మరులు ఉన్నారని లెక్కగట్టింది. దేశంలో అదే ఎక్కువ. దేశం మొత్తం మీద 4,13,670 మంది. వీళ్లను ‘పనిచేయనివారు’ అన్న శీర్షిక కింద రాశారు. ముప్ఫై ఏళ్లు బస్తాలు మోసిన నడుముకు కూడా చివరికి ఆ పేరే దక్కుతుంది.

కేంద్రం వృద్ధాప్య పెన్షనులో 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు తన వంతుగా ఇచ్చేది నెలకు 200 రూపాయలు. 2020లో రాష్ట్రం జయ్ బంగ్లా పేరుతో నెలకు వెయ్యి చేసింది. రోజుకు ముప్ఫై మూడు రూపాయలు. చాలదు, కానీ ఆ ముప్ఫై మూడు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా ఉంది. అది రావాలంటే చిరునామా కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, ఆధార్ కావాలి. ప్లాట్‌ఫారం చిరునామా కాదు. లక్ష జనాభాకు ఒక శాశ్వత రాత్రి బస ఉండాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. 2011 లెక్కల్లో ఖరగ్‌పూర్ పురపాలక ప్రాంతంలోనే జనం రెండు లక్షలు దాటారు. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో అలాంటి బస ఉంటే అది నీడనూ ఇస్తుంది, దరఖాస్తు మీద రాసుకోవడానికి చిరునామానూ ఇస్తుంది. జవాను ఆమెను దింపేటప్పుడు ఎటు పొమ్మనాలో చెప్పడానికి ఒక చోటూ ఉంటుంది.

2020 డిసెంబరులో రెండు పనులు జరిగాయి. పథకాల దరఖాస్తులను జనం దగ్గరికే వచ్చి తీసుకునే ‘దువారే సర్కార్’ శిబిరాలను పశ్చిమ బెంగాల్ మొదలుపెట్టింది. అదే నెలలో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. దాని వెనక ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల ఎన్నో ఏళ్ల కోరిక ఉంది. ఈ రెండూ స్టేషన్ గుమ్మం దగ్గర కలవాలి. సాయంత్రం లోకల్ రైళ్లు వచ్చే వేళకు బయట ఒక బల్ల, దాని మీద తెలుగులో అచ్చేసిన పెన్షను దరఖాస్తు, బస చిరునామాను ఒప్పుకునే గుమాస్తా ఒకరు, “ఏ ఊరమ్మా మీది?” అని అడిగి రాసిపెట్టే మనిషి ఒకరు. ప్లాట్‌ఫారం మెట్లు దిగిన ఆ ముసలామెకు ముందుగా ఎదురుపడాల్సింది వాళ్లు.