తిరుత్తణి పేరుతో పదేళ్లు

చెన్నై మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్లో తిరుత్తణి లోకల్ ఎక్కండి. ఆవడి దాటేసరికి కాస్త రద్దీ తగ్గుతుంది. కిటికీ పక్కన సీటు దొరికితే వదలకండి. ఈ పట్టాల పొడవునా రెండు లోక్‌సభ నియోజకవర్గాల కథ ఉంది. ఒకటి మాయమై నలభై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. రెండోది పోయింది, మళ్లీ రాలేదు.

ముందు తిరువళ్లూరులో దిగండి. అమావాస్య రోజైతే వీరరాఘవస్వామి కోనేటి మెట్ల మీద అడుగు పెట్టడానికి చోటుండదు. జనం నీళ్లలో బెల్లం వేస్తున్నారు. బెల్లంతో పాటు ఒంట్లోని రోగమూ కరిగిపోవాలని మొక్కు. వాళ్ల మాటలు చెవినబెట్టండి. తమిళంలో మొదలైన మాట తెలుగులో ముగుస్తుంది, తెలుగులో పిలిచిన తల్లికి బిడ్డ తమిళంలో బదులిస్తాడు.

ఇదే ఊళ్లో 1952 జనవరికి వెళ్దాం. స్వతంత్ర దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు. తిరువళ్లూరు ద్విసభ్య నియోజకవర్గం కాబట్టి లోక్‌సభ కోసమే మీ చేతికి రెండు బ్యాలెట్ కాగితాలు ఇచ్చారు. తడిక చాటున వరసగా డబ్బాలు, ఒక్కో డబ్బా మీద ఒక్కో అభ్యర్థి గుర్తు. ముద్ర కొట్టే పని లేదు. నచ్చిన గుర్తున్న డబ్బాలో కాగితం వేయడమే. రెండూ ఒకే డబ్బాలో మాత్రం వేయకూడదు. ఆ డబ్బాలు తెరిచినప్పుడు, రెండిట్లో షెడ్యూల్డ్ కులాలకు కేటాయించిన స్థానానికి గెలిచినావిడ మరగతం చంద్రశేఖర్. ఆ పేరు ఎక్కడో విన్నామనిపిస్తుంది కదూ? 1991 మే 21 రాత్రి రాజీవ్ గాంధీ శ్రీపెరంబుదూరు సభకు వచ్చింది ఈవిడ తరఫున ప్రచారానికే. ఆమె పార్లమెంటు జీవితం మాత్రం ఈ తిరువళ్లూరులోనే మొదలైంది. తర్వాత 1957లో ఆర్. గోవిందరాజులు నాయుడు, 1962లో వి. గోవిందస్వామి నాయుడు, ఇద్దరూ కాంగ్రెస్ వాళ్లే. 1967 జాబితాలో తిరువళ్లూరు లేదు. తిరుత్తణి ఉంది.

మళ్లీ రైలెక్కండి. అరక్కోణం దగ్గర దారి రేణిగుంట వైపు, ఉత్తరానికి తిరుగుతుంది. తిరుత్తణి కొండ దూరాన్నించే కనబడుతుంది. ఏడాదికెన్ని రోజులో స్వామికి అన్ని మెట్లు, 365. ఆడికృత్తికకు వస్తే మెట్ల నిండా కావళ్లే కావళ్లు, అందులో చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. ఊపిరి తీసుకుంటూ పైకెక్కి ఉత్తరానికి తిరిగి నిలబడండి.

ఇప్పుడు మీరు నిలబడ్డది 1953 అక్టోబరు 1న. పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చాక ఈ రోజున ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. కాళ్ల కింద ఉన్న తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉంది కాబట్టి జిల్లాతో పాటే ఆంధ్రలోకి వచ్చింది. కింద వీధుల్లో ఊరేగింపులు, అరెస్టులు. మ.పొ. శివజ్ఞానం తన తమిళ అరసు కళగంతో వేంగడం, అంటే తిరుపతి కొండ, వరకూ మాదేనని ఉత్తరపు హద్దు పోరాటం నడుపుతున్నారు. అవతల మద్రాసు మనదే అన్న తెలుగువాళ్ల గుండెమంట ఇంకా ఆరలేదు. ఈ కొండ మీద నిలబడి చూస్తే ఇద్దరి బాధా నిజమేననిపిస్తుంది. తెలుగువాణ్ణి కాబట్టి రెండోదాన్ని తక్కువ చేసి చెప్పలేను, మొదటిదాన్నీ చేయను.

తగవు తీర్చడానికి హరి వినాయక్ పటాస్కర్ వచ్చారు. ఆయన లెక్క సూటిగా ఉంది: గ్రామమే కొలత, ఏ భాషవాళ్లు ఎక్కువమంది ఉన్నారు, పక్క ఊళ్లతో కలిసి ఉందా లేదా. 1957లో నివేదిక ఇచ్చారు. దాన్ని బట్టి 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. ఒక్క క్షణం ఢిల్లీ వైపు చూడండి. ఆ ఏడాది లోక్‌సభ స్పీకరు మాడభూషి అనంతశయనం అయ్యంగార్, తిరుచానూరు మనిషి, చిత్తూరు ఎంపీ. రాజ్యసభ ఛైర్మన్ ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్, 1888లో పుట్టింది ఈ తిరుత్తణిలోనే. అక్షరాలు దిద్దింది ఇక్కడే. తిరుత్తణిని చిత్తూరు నుంచి విడదీసిన చట్టం ఈ ఇద్దరూ అధ్యక్షులుగా ఉన్న రెండు సభల్లో నెగ్గింది. మన సరిహద్దుల చరిత్రలో ఇంతకంటే మనసును పట్టి ఆపే సంగతి నాకు మరొకటి తెలియదు.

1960 ఏప్రిల్ 1. తెల్లారేసరికి తిరుత్తణి తాలూకా, పళ్లిపట్టు ఉప తాలూకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. చిత్తూరు కలెక్టరుకు పెట్టుకున్న అర్జీ ఇక చెంగల్పట్టు కలెక్టరుకు పెట్టుకోవాలి. అదే ఉదయం సత్యవేడు వైపు ఊళ్లు చెంగల్పట్టు నుంచి చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. ఊరు ఊరుగా చూస్తే పటాస్కర్ న్యాయంగానే గీత గీశారని నా నమ్మకం. అయితే ఊళ్లో సగానికి కాస్త తక్కువగా ఉన్నవాళ్ల భాషకు ఆ లెక్కలో చోటు లేదు.

1967 ఫిబ్రవరి. ఈసారి చేతికి వచ్చింది రబ్బరు ముద్ర. గోడల నిండా డీఎంకే గుర్తు ఉదయసూర్యుడు. కొత్తగా గీసిన తిరుత్తణి లోక్‌సభ స్థానానికి ఇది మొదటి ఎన్నిక. డీఎంకే రాష్ట్రంలో 25 లోక్‌సభ స్థానాల్లో నిలబడి 25 గెలిచింది. వాటిలో తిరుత్తణి ఒకటి, గెలిచినవారు ఎస్.కె. సంబంధన్. ఆయన పదవిలో ఉండగానే, 1969 జనవరిలో, మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది. అంటే ముప్పై ఏళ్లు నిండని తిరుత్తణి ఓటరు కూడా ఇల్లు కదలకుండానే మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్, మళ్లీ మద్రాసు, తమిళనాడు చూసేశాడు.

1971 మార్చి. గోడల మీద సూర్యుడి పక్కనే ఆవూ దూడా. ఇందిరా కాంగ్రెస్, డీఎంకే ఒకే గట్టున ఉన్నాయి. తిరుత్తణి నుంచి గెలిచినవారు ఓ.వి. అళగేశన్. 1956లో అరియలూరు రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే ఉపమంత్రి ఈయనే. ఆ ప్రమాదాన్నే డీఎంకే అప్పట్లో ఎన్నికల నినాదంగా చేసి ఆయన మీదికి విసిరింది. ఇప్పుడు ఆ డీఎంకే జనమే ఆయనకు ఓటెయ్యమని ఇదే వీధుల్లో తిరుగుతున్నారు.

1977లో పోలింగు బూత్ అదే. బోర్డు మీద పేరు మారింది: అరక్కోణం. అళగేశన్ ఆ పేరుతోనూ గెలిచారు. తిరుత్తణి లోక్‌సభ స్థానం చరిత్ర అంతే. పదేళ్లు, రెండు ఎన్నికలు, ఇద్దరు ఎంపీలు.

కొండ దిగి పళ్లిపట్టు బస్సెక్కండి. దారిలో ఆర్.కె.పేట, అంటే రామకృష్ణరాజుపేట, కార్వేటినగరం రాజుల జ్ఞాపకం. మగ్గాల చప్పుడు బస్సులోకే వినిపిస్తుంది. ఈ వైపు ఇళ్లలో తెలుగు బతికే ఉంది. బళ్లో మాత్రం 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. ఇంటి భాష చదువుకోవడానికి పిల్లలు పడే పాట్లు, దాని కోసం పెద్దలు కోర్టుల చుట్టూ తిరగడం ఆ తర్వాతి కథ. తమిళం నేర్చుకోవద్దని ఇక్కడ ఎవరూ అనరు. ఇంటి భాష కూడా బళ్లో ఉండనివ్వమన్నదే వాళ్ల అర్జీ.

ఈ రోజు తిరుత్తణి ఎక్కడుంది? 1997 నుంచి తిరువళ్లూరు జిల్లాలో. దాని ఎంపీ మాత్రం అరక్కోణం ఎంపీ. 2009లో తిరిగొచ్చిన తిరువళ్లూరు ఎస్సీ స్థానంలో గుమ్మిడిపూండి, పొన్నేరి, తిరువళ్లూరు, పూందమల్లి, ఆవడి, మాధవరం ఉన్నాయి. చెన్నైని ఆనుకుని పెరిగిన జనసముద్రం అది. 2024లో అక్కడ మాజీ ఐఏఎస్ అధికారి శశికాంత్ సెంథిల్ 5 లక్షల 70 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. జిల్లా పనికి ఒక ఊరికి, ఎంపీ పనికి మరో ఊరికి తిరిగే తిరుత్తణి, పళ్లిపట్టు జనానికి ఆ స్థానంలో ఓటు లేదు.

2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చాక లోక్‌సభ స్థానాల హద్దులు మళ్లీ గీస్తారు. ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు అడగడం, బహిరంగ విచారణలు పెట్టడం డీలిమిటేషన్ కమిషన్ పద్ధతి. 1959లో రాష్ట్రాల మధ్య గీత ఢిల్లీలో గీశారు. ఈసారి తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట వాసులు, ఇంట్లో తెలుగు మాట్లాడేవారూ తమిళం మాట్లాడేవారూ కలిసి, ఆ విచారణకు వెళ్లండి. అర్జీ రాసి తీసుకెళ్లండి.